రోజువారీ బ్యాకప్ పేరుతో ఖాళీ ఫైళ్లు: వెబ్ హోస్టింగ్ సంస్థకు ఫిర్యాదు లేఖ

కొత్తవాడ,
వరంగల్.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: విడిగా రుసుము తీసుకున్న రోజువారీ బ్యాకప్‌లో డేటాబేస్ లేకపోవడం, డొమైన్ (సైటు చిరునామా పేరు) బదిలీ కోడ్ ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

మా కుటుంబం కొత్తవాడలో నూలు దర్రీలు నేసి అమ్ముకుంటుంది. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చాక బయటి రాష్ట్రాల వారు కూడా నేరుగా మా దగ్గరే కొంటామని అడగసాగారు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చదివినదాన్ని కాబట్టి వెబ్‌సైటు పని నేనే తలకెత్తుకుని, మూడేళ్ల క్రితం మీ దగ్గర షేర్డ్ హోస్టింగ్ (పలు సైట్లు కలిసి వాడుకునే సర్వర్‌లో చోటు) తీసుకుని, సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్, దానికి దుకాణం జోడించే వూకామర్స్ అన్న సాఫ్ట్‌వేర్లతో చిన్న ఆన్‌లైన్ దుకాణం పెట్టాను. హోస్టింగ్ రుసుము కాక, రోజువారీ బ్యాకప్ కోసం నెలకు 149 రూపాయల చొప్పున ఏడాదికి 1,788 రూపాయలు అదనంగా కడుతున్నాను. ఆ 1,788 రూపాయలకు మీరు నాకు ఏమిచ్చారన్నదే ఈ ఫిర్యాదులో ముఖ్యమైన సంగతి.

గత నెల 14వ తేదీ ఉదయం సైటు తెరిస్తే, డేటాబేస్‌తో, అంటే సైటు సమాచారమంతా దాచే చోటుతో, కనెక్షన్ కుదరడం లేదన్న ఒక్క వాక్యం తప్ప మరేమీ కనిపించలేదు. మధ్యాహ్నానికి మీ దగ్గర నుంచి ఈమెయిల్ వచ్చింది. డేటాబేస్ సర్వర్‌లో డిస్కు పాడైందని, వినియోగదారులు తమ ప్యానెల్‌లోని బ్యాకప్ నుంచి సైటును తిరిగి తెచ్చుకోవచ్చని అందులో రాశారు. డిస్కు పాడైనందుకు నేను మిమ్మల్ని ఒక్క మాట కూడా అనడం లేదు. ఏ డిస్కయినా ఏదో ఒకనాడు పోయేదే. ఆ రోజు కోసమే కదా మీకు విడిగా డబ్బు కట్టింది.

ప్యానెల్ తెరిచి చూస్తే ముప్పై రోజుల బ్యాకప్‌లు వరుసగా ఉన్నాయి. ప్రతి తేదీ పక్కన ఆకుపచ్చ టిక్కు, దాని పక్కన ‘విజయవంతం’ అన్న మాట ఉన్నాయి. ధైర్యం వచ్చింది. 13వ తేదీది ఎంచుకుని రీస్టోర్ నొక్కాను. అర నిమిషంలో పని పూర్తయిందని వచ్చింది గానీ సైటు తెరుచుకోలేదు. 12వ తేదీది, 11వ తేదీది కూడా అలాగే అయ్యాయి. అనుమానం వచ్చి డేటాబేస్ బ్యాకప్ ఫైలును దించుకుని చూస్తే దాని సైజు 20 బైట్లు, అంటే ఇరవై ఇంగ్లీషు అక్షరాలంత. ముప్పై ఫైళ్లనూ దించాను. అన్నీ సరిగ్గా 20 బైట్లే.

ఈ అంకె మీ సాంకేతిక సిబ్బందికి తెలియనిది కాదు. లోపల ఒక్క అక్షరం లేని ఖాళీ సమాచారాన్ని ఫైళ్ల సైజు తగ్గించే జీజిప్ ప్రోగ్రాముతో కుదించినా, ముందు శీర్షికకు 10 బైట్లు, ఖాళీ భాగానికి 2, చివరన సరిచూసే లెక్కకు 8 కలిపి 20 బైట్ల ఫైలు తయారవుతుంది. అంటే మీ ప్రోగ్రాము ప్రతి రాత్రీ డేటాబేస్ తీయబోయి విఫలమై, ఆ శూన్యాన్నే జాగ్రత్తగా కుదించి, తేదీ వేసి, దాని పక్కన ఆకుపచ్చ టిక్కు పెట్టింది. డేటాబేస్ నకలు తీసే డంప్ ఆదేశం ఇచ్చినదాన్ని పైపు ద్వారా నేరుగా జీజిప్‌కు పంపినప్పుడు, మధ్యలో ఏది విఫలమైనా పట్టి చెప్పే పైప్‌ఫెయిల్ అమరిక పెట్టకపోతే చివరి ఆదేశం ఫలితమే మొత్తం పని ఫలితంగా లెక్కకు వస్తుంది. మొదటిది విఫలమైనా, ఆదేశాలను నడిపే షెల్‌కు అది పట్టదు. మే నెలలో డేటాబేస్‌లను వేరే సర్వర్‌కు మార్చినప్పుడు బ్యాకప్ ఖాతా పాస్‌వర్డును కొత్త సర్వర్‌కు తగ్గట్టు మార్చలేదని, నా నాలుగో టికెట్‌కు (సహాయ విభాగంలో నమోదు చేసిన ఫిర్యాదుకు) ఇచ్చిన జవాబులో మీ ఇంజినీరు ఒప్పుకున్నారు. ఆ నిజాయితీకి ఆయనకు కృతజ్ఞతలు. కానీ కిందటి రోజు ఫైలుకూ ఈ రోజు ఫైలుకూ సైజు పోల్చి చూసే ఒక్క తనిఖీ ఉన్నా మేలోనే ఈ సంగతి బయటపడేది.

ఫొటోలున్న ఫోల్డరు వేరే డిస్కులో ఉంది కాబట్టి అది చెక్కుచెదరలేదు. అయితే ఏ ఫొటో ఏ దర్రీదో, దాని కొలత ఎంతో, ధర ఎంతో, ఎవరు ఎప్పుడు ఆర్డరు ఇచ్చారో చెప్పే సమాచారమంతా డేటాబేస్‌లోనే ఉంటుంది. ఉగాదికి ముందు సైటు రూపం (థీమ్) మార్చేటప్పుడు భయపడి, డేటాబేస్‌ను చూసే పీహెచ్‌పీమైఅడ్మిన్ అన్న సాధనం నుంచి ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. అది లేకపోతే మూడేళ్ల పనీ పోయేది. ఆ తర్వాతి మూడున్నర నెలలది మాత్రం పోయింది.

పోయినదాని విలువ మీకు అర్థం కావాలంటే మా మామగారి మగ్గం సంగతి చెప్పాలి. ఆ రోజు మగ్గం మీద పుణె వారి దర్రీ చాలావరకు నేత అయి ఉంది. వెడల్పు పడుగుతోనే (మగ్గం మీద ముందే బిగించిన నిలువు దారాలతోనే) తేలిపోతుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు; పొడవు ఎక్కడ ఆపాలన్నదే తెలియాలి. నాకు వచ్చిన ఆర్డరు ఈమెయిల్‌లో పొడవు 8 అడుగులని ఉంది. తర్వాత ఆ కస్టమరు ఫోన్ చేసి పొడవు మార్చమన్నారు. ఆ మార్పును ఆర్డరు నోట్‌లోనే రాసుకున్నాను, మరెక్కడా రాయలేదు. పెంచమన్నారని గుర్తుంది, ఎంతకో గుర్తులేదు. ఆయన విదేశీ ప్రయాణంలో ఉండి రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మామగారు 8 అడుగుల దగ్గర నేత ఆపి, పేక దారం (అడ్డంగా నేసే దారం) చేతిలో పట్టుకుని ‘ఎంత వరకు నెయ్యాలె బిడ్డా?’ అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగేవారు. నా దగ్గర జవాబు లేదు. మూడో రోజు ఫోన్ కలిసి తొమ్మిదిన్నర అడుగులని తెలిసింది. మగ్గం ఆగిన రెండు రోజుల కూలి ఎవరిస్తారు? అలాంటి మార్పులున్న ఆర్డర్లు ఇంకా పదకొండు ఉంటే, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పొరపాటు జరిగిందని చెప్పి, కొలతలు మళ్లీ రాసుకోవలసి వచ్చింది. అందులో ఇద్దరు ఆర్డరు రద్దు చేసుకున్నారు.

మీ సహాయ విభాగం చివరిగా ఇచ్చిన జవాబులో, నిబంధనల ప్రకారం సొంత నకలు ఉంచుకునే బాధ్యత వినియోగదారుడిదేనని రాశారు. సొంత నకలు ఉంచుకోవాలన్న మాట నిజమే, ఆ పాఠం నేను నేర్చుకున్నాను. ఇప్పుడు ప్రతి ఆదివారం డేటాబేస్‌నూ అప్‌లోడ్స్ ఫోల్డరునూ దించి, ఒక నకలు ఇంట్లో హార్డ్‌డిస్కులో, మరొకటి వేరే సంస్థ క్లౌడ్‌లో పెడుతున్నాను. సైజు కిందటి వారంతో పోల్చి చూస్తున్నాను. నెలకొకసారి ఇంటి కంప్యూటరులో ఆ నకలుతో సైటును లేపి, దర్రీల పేజీలు తెరుచుకుంటున్నాయో లేదో చూస్తున్నాను. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టు కాదు. కానీ సొంత నకలు ఉంచుకోవాలని నాకు చెప్పే ముందు, అదే తనిఖీ మీరెందుకు చేయలేదో చెప్పాలి. డబ్బు తీసుకున్న సేవ జరగనప్పుడు, జరిగిందని తెర మీద చూపించడం నిబంధనల కింద దాచుకోదగిన విషయం కాదు. టిక్కు ఎరుపు రంగులో ఉండి ఉంటే నా నకలు నేను ఆ రోజే తీసుకునేదాన్ని.

రెండో విషయం డొమైన్ గురించి. ఇది జరిగాక మీ దగ్గర ఉండే ధైర్యం లేక, డాట్ కామ్ పేరును వేరే రిజిస్ట్రార్‌కు (డొమైన్ పేర్లు నమోదు చేసే సంస్థకు) మార్చుకోవడానికి కావలసిన రహస్య సంకేతమైన బదిలీ కోడ్ ఇవ్వమని, బదిలీ లాక్ తీయమని పదకొండు రోజుల క్రితం రాతపూర్వకంగా కోరాను. బకాయి ఏమీ లేదు, పేరు కొని మూడేళ్లయింది. డొమైన్ పేర్ల వ్యవస్థను ప్రపంచమంతటా చూసే ఐకాన్ సంస్థ బదిలీ నియమాల ప్రకారం కోరిన ఐదు రోజుల్లో కోడ్ ఇవ్వాలి. నాకు ఇంతవరకు ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క జవాబే వచ్చింది. ఆ పేరు మా దర్రీల ప్యాకింగు అట్టల మీద అచ్చయి ఉంది. అది మా ఇంటి బోర్డు లాంటిది.

కాబట్టి బదిలీ కోడ్ వెంటనే ఇచ్చి లాక్ తీయాలని, మే నెల నుంచి అందని బ్యాకప్ సేవకు తీసుకున్న రుసుమును, మిగిలిన నెలల హోస్టింగ్ రుసుమును తిరిగి చెల్లించాలని, మగ్గం ఆగిన రెండు రోజుల కూలికీ రద్దయిన రెండు ఆర్డర్లకూ పరిహారం ఇవ్వాలని కోరుతున్నాను. వీటితో పాటు, ఆ సర్వర్‌లో ఉన్న మిగతా వినియోగదారులందరికీ వారి బ్యాకప్‌లు కూడా ఖాళీగా ఉండవచ్చని ఈమెయిల్ పంపాలి. నాకు రావలసిన డబ్బు కంటే ఇది తొందరగా జరగాలి, ఎందుకంటే వారిలో చాలామంది ఈ రోజుకీ ఆ ఆకుపచ్చ టిక్కును నమ్ముకుని ఉంటారు.

2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించవలసి ఉంటుంది. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు కాబట్టి మీ కార్యాలయం ఉన్న నగరానికి నేను రానక్కరలేదు. వ్యాపారం కోసం తీసుకున్న సేవ కనుక నేను వినియోగదారును కానని మీరు అనవచ్చు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొని వాడుకునే వస్తువులను ఆ చట్టమే వ్యాపార ప్రయోజనం నుంచి మినహాయించింది; నేను తీసుకున్న సేవకూ అదే న్యాయం వర్తించాలని కోరతాను.

ముప్పై బ్యాకప్ ఫైళ్లు, వాటి సైజులు కనిపించే స్క్రీన్‌షాట్లు, నాలుగు టికెట్ల జవాబులు, రుసుము రసీదులు జత చేస్తున్నాను. జవాబును నా ఖాతాలో నమోదైన ఈమెయిల్‌కు రాతపూర్వకంగా పంపగలరు.

ఇట్లు,
మీ వినియోగదారు,
కొత్తవాడ, వరంగల్.