వార్షిక నివేదిక 2024-25: బడిలో మన పిల్లల చోటు

అధ్యక్షులు గారికి, కార్యవర్గానికి, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులందరికీ నమస్కారాలు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన తల్లిదండ్రుల సంఘం చేసిన పనిని ఈ సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ముందు ఆగస్టు 8 గురించి చెప్పాలి. ఆ రోజు ఆంధ్రప్రదేశ్ అంతటా పాఠశాల యాజమాన్య కమిటీల ఎన్నికలు జరిగాయి. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు కావాలి, బడుగు వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గ చోటు దక్కాలి. మన ఊళ్లో మాత్రం అధికారంలో ఏ పార్టీ ఉంటే ఆ పార్టీ నాయకుడు చీటీ మీద పేర్లు రాసి పంపడం, బళ్లో వాటినే చదివేయడం ఆనవాయితీ అయిపోయింది. ఈసారీ చీటీ వచ్చింది.

అయితే ఓటర్ల జాబితా నోటీసు బోర్డుకు అంటించిన రోజే మనవాళ్లు వెళ్లి చూశారు. కాలనీ పిల్లల తల్లిదండ్రుల పేర్లు కొన్ని లేవు. అభ్యంతరాలు రాసిచ్చి చేర్పించాం. ఎన్నిక నాడు తల్లులు కలుపు కూలీ వదులుకుని పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. ఆరో తరగతి గదిలో చీటీలోని పేర్లు చదవబోతుంటే ఒక తల్లి లేచి, "అయ్యా, ముందు ఓటర్ల లిస్టు చదవండి. ఎవరొచ్చారో ఎవరు రాలేదో తేలాక పేర్లు అడుగుదురు గాని" అంది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఒకాయన, "చదువు రానిదానివి, నీకెందుకమ్మా కమిటీ?" అన్నాడు. "నాకు రాలేదు కాబట్టే నా కూతురి బడి చూసుకోడానికి వచ్చా" అందామె. చేతులు ఎత్తించారు. ఆమే గెలిచింది. కమిటీలో కూర్చున్నాక ఆమె మొదట అడిగింది ఆడపిల్లల మరుగుదొడ్ల తలుపులకు గడియలు. పెట్టించింది కూడా. సంఘం పెట్టినప్పటి నుంచి ఇంతకంటే గొప్ప రోజు నేను చూడలేదు.

ఇక ప్రైవేటు బడుల్లో పేద, బడుగు వర్గాల పిల్లలకు ఇవ్వాల్సిన 25 శాతం సీట్ల సంగతి. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ సీట్లు ఇవ్వాలనే 12(1)(సి) సెక్షన్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. మన రాష్ట్రంలో ఒకటో తరగతిలో ఆ సీట్లు ఇవ్వడం 2022-23లో గాని మొదలుకాలేదు, అదీ హైకోర్టు ఆదేశించాక. అంటే పన్నెండేళ్ల పాటు ఒకటో తరగతి వయసు దాటిపోయిన పిల్లలందరికీ ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోయింది. ఏ పార్టీ ప్రభుత్వమూ దీన్ని మనస్ఫూర్తిగా చేపట్టలేదని నా అభిప్రాయం.

అసలు చిక్కు ఫీజు దగ్గర వచ్చింది. ఒక్కో బిడ్డకు నగరాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలని 2023లో నిర్ణయించారు. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం వేసే అమ్మఒడి డబ్బుల్లోంచే కట్టాలన్నారు. చట్టం 12(2) చెప్పేది ప్రభుత్వం బడికి చెల్లించాలని, తల్లి కట్టాలని కాదు. హక్కును పథకానికి ముడిపెడితే ఏమవుతుందో ఈ ఏడాది చూశాం. అమ్మఒడి ఆగింది, దాని బదులు ఇస్తామన్న తల్లికి వందనం 2025 మార్చి దాకా రాలేదు, బడులు మాత్రం తల్లులను ఫీజు అడిగాయి. చిన్న బడుల వాళ్ల ఇబ్బంది నిజమే, వాళ్లతో మనకు తగువు లేదు. డబ్బు ఇవ్వాల్సినవాళ్లను అడగకుండా పిల్లల్ని గేటు దగ్గర నిలబెట్టడమే తప్పు.

ఒక బడిలో ఇంకా దారుణం జరిగింది. హాజరు పట్టీలో మన పిల్లల పేర్ల పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టారు. "ఫ్రీ సీటు వాళ్లు లేవండి" అని క్లాసులో పిలిచారు. ఒక పాప నాలుగు రోజులు బడికి వెళ్లనంది. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఈ పిల్లల్ని వేరుగా కూర్చోబెట్టకూడదని, పుస్తకాల్లో, యూనిఫారంలో, ఆటల్లో తేడా చూపకూడదని స్పష్టంగా ఉంది. ఆ పేజీ జెరాక్స్ తీసి యాజమాన్యం ముందు పెట్టాం. "చిన్న విషయాన్ని కులం గొడవ చేయొద్దు" అని ఒక నాయకుడు ఫోన్ చేశారు. ఆరేళ్ల పిల్లకు అది చిన్న విషయం కాదని జవాబిచ్చాం. పట్టీ మార్చారు, పాప మళ్లీ వెళ్తోంది. సంబంధిత అధికారికి ఇచ్చిన ఫిర్యాదుకు మాత్రం ఈ రోజు వరకూ రసీదు తప్ప సమాధానం లేదు.

పట్టణంలో మైనారిటీ సర్టిఫికెట్ ఉన్న బడి విషయంలో ఏమీ చేయలేకపోయాం. ప్రమతి కేసులో సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన తీర్పుతో అలాంటి బడులకు ఈ చట్టం వర్తించదు.

దరఖాస్తులు నింపడానికి చర్చి హాలు ఇచ్చిన పాస్టరు గారికి, కుర్చీలు పంపిన మసీదు కమిటీకి, పైసా తీసుకోకుండా కాగితాలు రాసిపెట్టిన వకీలు గారికి, అప్పు మీద కాపీలు తీసిచ్చిన జెరాక్స్ షాపు తమ్ముడికి, తల్లులను ఉచితంగా తిప్పిన ఆటో సోదరులకు, ప్రతి అర్జీ తప్పులు దిద్దిన రిటైర్డ్ హెడ్మాస్టర్ గారికి, ఓటర్ల జాబితా ఇంటింటికీ తిరిగి సరిచూసిన డిగ్రీ పిల్లలకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఒక మాట చెప్పక తప్పదు. గ్రూపులో వస్తామని రాసినవాళ్లు చాలామంది సీట్ల దరఖాస్తుల గడువు చివరి వారంలో సచివాలయం దగ్గర కనిపించలేదు. ఆధార్‌లో చిరునామా తప్పు పడి, సరిచేయించే మనిషి లేక కొందరు పిల్లలు సీట్ల లాటరీ దాకా కూడా వెళ్లలేకపోయారు. కార్యవర్గ సభ్యులకు కూడా ఇది వర్తిస్తుంది. బాధగా ఉంది కాబట్టి చెబుతున్నాను.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు మీ చేతికి ఇచ్చారు. చందాలే ఆదాయం, ప్రయాణాలు, కాపీలే ఖర్చు. ఆడిట్ అయింది.

వచ్చే ఏడాదికి రెండు తీర్మానాలు ప్రతిపాదిస్తున్నాను. 25 శాతం సీట్ల ఫీజును ప్రభుత్వమే నేరుగా బడులకు చెల్లించాలని కోరుతూ కలెక్టర్ గారికి వినతి ఇవ్వడం ఒకటి. దరఖాస్తుల రోజుల్లో ప్రతి వార్డుకూ ఇద్దరు సభ్యులను పేర్లతో సహా ఈ సమావేశంలోనే నియమించడం రెండోది. ఆమోదించాలని కోరుతున్నాను. చందా బకాయిలు సమావేశం ముగిశాక కోశాధికారి గారికి చెల్లించగలరు.

ఇట్లు,
కార్యదర్శి