మన క్రెష్ వార్షిక నివేదిక (సర్వసభ్య సమావేశం కోసం)

సభ్యులందరికీ నమస్కారం. కూలికెళ్లే తల్లుల పసిపిల్లల్ని పగలు చూసుకోడానికే ఈ క్రెష్, ఈ సంఘం పెట్టుకున్నామని మీకు మళ్లీ చెప్పక్కర్లేదు, నేరుగా ఈ ఏడాది పనిలోకి వస్తున్నా.

ముందు థాంక్స్ చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. అద్దె అడక్కుండా హాలు ఇచ్చిన గుడి కమిటీ పెద్దలకి, బాకీ ఎంతున్నా రోజూ పాలు పోసిన బాబాయికి, ఫ్యాన్లు బాగుచేసి రూపాయి తీసుకోని ఎలక్ట్రీషియన్ తమ్ముడికి, పాత చీరలతో ఉయ్యాలలు కుట్టిచ్చిన టైలర్ అక్కకి, అన్నిటికంటే ముందు మన ఇద్దరు ఆయమ్మలకి పేరుపేరునా నమస్కారాలు.

ఈసారి చేసిన పెద్ద మార్పు టైమింగ్. గుంటూరులో మిర్చి ముచ్చికలు తీసే పనికి మనవాళ్లు తెల్లారకముందే బయల్దేరతారు, కూలి కిలోల లెక్క కాబట్టి గంట లేటైతే ఆ డబ్బులు పోయినట్టే, మరి తొమ్మిదింటికి తెరిచే క్రెష్ వాళ్లకెందుకు? సీజన్ మొదలైన దగ్గర్నుంచి చీకటితోనే తలుపు తీస్తున్నాం. ఇదివరకు ఆ పసిపిల్లలు టిక్కీల (మిర్చి బస్తాల) పక్కన గోనెపట్టా మీద పడుకుని ఘాటుకి దగ్గుతూ, కళ్లు నలుపుకుంటూ ఏడ్చేవాళ్లు, అది చూసినవాళ్లెవరూ మర్చిపోరు. ఇప్పుడు హాలు గుమ్మం దగ్గర కొబ్బరినూనె సీసా, సబ్బు, బకెట్ నీళ్లు పెట్టాం. చీర మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కా విప్పేసి, మోచేతుల దాకా నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడుక్కున్నాకే తల్లి చేతికి బిడ్డనిస్తారు. కారం మంట ఒట్టి నీళ్లకి పోదు కదా. ఈ పద్ధతి మన ఆయమ్మ పెట్టిందే.

నవంబర్ 14 బాలల దినోత్సవం గురించి ఎంత రాసినా తక్కువే. సగం రోజు కూలి వదులుకుని మరీ తల్లులొచ్చారు! ఏఎన్ఎం (నర్సు) మేడం బిడ్డలకి పోషణ సరిపోతోందో లేదో చూడ్డానికి ఒక్కొక్కరి జబ్బకీ టేపు చుట్టి కొలిచారు. పన్నెండున్నర సెంటీమీటర్లు దాటితే పచ్చ, పదకొండున్నర లోపైతే ఎరుపు, మధ్యలో పసుపు. పోయినసారి పసుపులో ఉన్న చిన్నపాప ఈసారి పచ్చలోకి వచ్చింది, వాళ్ల నాయనమ్మ ఆ టేపు తన చేత్తో పట్టుకుని అందరికీ చూపించింది.

లెక్కలు ట్రెజరర్ గారు ప్రింట్ తీసి గోడకి అంటించారు, ఆడిట్ కూడా అయింది, చూసుకోండి. ఎక్కువ ఖర్చు ఆయమ్మల జీతాలకే అయిందని, అది తగ్గించి గోడలకి రంగులేద్దామని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. మూడేళ్ల లోపు పిల్లకి రంగుల గోడ కాదు, తినిపిస్తూ మాట్లాడే మనిషి కావాలి, ఏడిస్తే ఎత్తుకునే మనిషి కావాలి. బుర్ర ఎక్కువగా ఎదిగేది అప్పుడే. తక్కువ జీతానికి ఆయమ్మలు నెలకొకరు మారితే పిల్లలు ఎవరికీ అలవాటు పడరు, తల్లికి పని మీద మనసు నిలవదు. అందుకే జీతాలు పెంచే తీర్మానం పెడుతున్నా, దయచేసి ఆమోదించండి.

ఇక ఆఫీసుల సంగతి. 2017లో ప్రసూతి చట్టం మార్చినప్పుడు 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు, కానీ మేస్త్రీ కింద రోజుకూలీకి వెళ్లే మనవాళ్ల పేర్లు ఏ రిజిస్టర్లో ఉంటాయి? 2022లో మిషన్ శక్తి కింద పాల్నా స్కీమ్ వచ్చింది, ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల పిల్లల దాకా అంగన్వాడీతో కలిపి క్రెష్ నడపొచ్చు. దానికి పెట్టిన అర్జీ ఇంకా టేబుల్ మీదే ఉంది, సార్ మీటింగ్‌లో ఉన్నారనే మాట తప్ప ఇంకో మాట రాలేదు. ఢిల్లీలో కట్టడాల దగ్గర కూలీల పిల్లల కోసం మొబైల్ క్రెషెస్ సంస్థ 1969లోనే మొదలైంది, మనం ఇంకా అర్జీల దగ్గరే ఉన్నాం.

వాలంటీర్ల గురించి కూడా రాయక తప్పట్లేదు. వాట్సాప్ గ్రూప్‌లో బొటనవేలి బొమ్మలు పెట్టేవాళ్లు బోలెడు, మధ్యాహ్నం అన్నం తినిపించే టైముకి మాత్రం ఎప్పుడూ అదే నలుగురు. ఆయమ్మకి జ్వరమొచ్చిన రోజు ఫోన్ ఎత్తినవాళ్లు లేరు, చివరికి ఓ తల్లి పని మానేసి కూర్చుంది. ఈ సీజన్‌కి డ్యూటీ షీట్ హాలు తలుపు పక్కన ఉంది. సమావేశం నుంచి వెళ్లేముందు ఎవరు ఏ పూట వస్తారో పేరు, ఫోన్ నంబర్ రాసి వెళ్లండి, ఆదివారాల గడులన్నీ ఖాళీగానే ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి