పాచిక కనపడితే గుండాటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ‘స్టేషనరీ షాపులో పిల్లల జూదం’ అని ఒకటి వేశారు. షాపు పేరు వేయలేదు గానీ అది నా షాపేనని పదకొండు గంటలకల్లా ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది, ఎందుకంటే మా రేవు రోడ్డులో ఇరవై ముఖాల పాచికలు అద్దాల బీరువాలో పెట్టి అమ్మేది నేనొక్కడినే. రాసిన పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు, ఆరా తీయలేదు కూడా. ఆయన కళ్ళతో చూసిందేదీ అబద్ధం కాదు. వెనక గదిలో పిల్లలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆట ఆడుతూ పాచికలు వేస్తున్నారు, అరుస్తున్నారు, ఒకడు బల్ల కూడా గుద్దాడు. జూదం అన్న మాట మాత్రం ఆయన కలుపుకున్నది, దాన్ని హెడ్డింగులో పెద్దక్షరాలతో వేసింది మీరు.

అలా అనుకున్నందుకు ఆయన్ని తప్పు పట్టను. మన గోదావరి జిల్లాల్లో పాచిక అనగానే గుర్తొచ్చేది గుండాటే కదండి. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల పక్కన టెంటు వేసి, డబ్బాలో పాచికలు గిలకొట్టి బోర్లిస్తుంటే, జేబులో ఉన్న ధాన్యం డబ్బులన్నీ అక్కడే వదిలేసి ఇంటికి నడిచొచ్చినవాళ్ళని నేనూ చూశాను. మా బాబాయి ఒకాయన బండి తాకట్టు పెట్టి వచ్చాడు, అది ఇప్పటికీ మా ఇంట్లో పండగ పూట ఎవరూ ఎత్తని మాట. ధర్మరాజు దగ్గర్నుంచీ పాచికకి ఆ చెడ్డ పేరు ఉండనే ఉంది.

కానీ జూదం అంటే ఏమిటో చట్టంలోనే ఉంది. ఏపీ గేమింగ్ చట్టం, 1974 ప్రకారం డబ్బో మరో బహుమతో గెలుచుకోవడానికి ఆడేది గేమింగ్. మా బల్ల దగ్గర పందెం లేదు, బహుమతి లేదు, అసలు గెలిచేవాడే లేడు. విచిత్రం ఏంటంటే సరిగ్గా అదే 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి ఈ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటని బయటికి తెచ్చారు, మొదటిసారి వేసింది వెయ్యి పెట్టెలే. ఇప్పుడు ఈ తరహా ఆటలు బోలెడు ఉన్నాయి.

గెలుపు లేకపోతే అదేం ఆట అని మా ఆవిడ కూడా అడిగింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషిని డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎమ్ అంటారు. మిగతావాళ్ళకి తలో పాత్ర. ఆ పాత్రకి బలం, చురుకు, ఓపిక, తెలివి, వివేకం, నలుగురినీ ఆకట్టుకునే తీరు అని ఆరు గుణాలు, ఒక్కోదానికీ ఒక అంకె, ఇంకా పేరు, ఊరు, సంచిలో ఏమేం ఉన్నాయి, ఇదంతా ఒక కాగితం మీద రాసుకుంటారు. డీఎమ్ ఒక పరిస్థితి చెప్తాడు, ఏం చేస్తారో వీళ్ళు చెప్పాలి, అది జరుగుతుందో లేదో అనుమానం ఉన్నచోట మాత్రమే పాచిక.

పోయిన నెల సంగతి చెప్తాను. డీఎమ్ మొదలెట్టాడు: ‘ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, మీరు ఏటిగట్టు మీద ఉన్నారు, ఎదర గండి పడింది, వెనక బ్రహ్మరాక్షసుడు.’ బ్రహ్మరాక్షసుడంటే బల్ల మీద పెట్టిన ఒక ఫెవికాల్ డబ్బా, వాడి బంట్లు చింతపిక్కలు. సఖినేటిపల్లి వైపు నుంచి ఏరు దాటించే పంటు ఎక్కి వచ్చే పదో తరగతి అమ్మాయి ఒకతి ఉంది, ఆమె పాత్రకి బలం 16, అంటే పాచిక మీద పడినదానికి 3 కలుపుకోవచ్చు. గండి దూకాలంటే మొత్తం 15 రావాలన్నాడు డీఎమ్. ‘పన్నెండు నుంచి ఇరవై దాకా ఏది పడ్డా చాలు, ఇరవైలో తొమ్మిది, నలభై ఐదు శాతం’ అని ఆ పిల్ల పెన్సిల్ కూడా ముట్టుకోకుండా చెప్పేసింది. పక్కనున్న కుర్రాడు ‘నేను తాడు పట్టుకుంటా అక్కా’ అన్నాడు. ఎవరైనా సాయం చేస్తే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చని రూలు. అప్పుడు గ్రాఫ్ కాగితం వెనక్కి తిప్పి లెక్క కట్టింది: రెండూ తప్పడానికి 400లో 121, కాబట్టి నెగ్గడానికి 279, దగ్గర దగ్గర డెబ్భై శాతం. ‘అంకుల్, తాడు పట్టుకుంటే నలభై ఐదు కాస్తా డెబ్భై అయింది’ అని నాకు చూపించింది. తీరా వేస్తే ఒకసారి 3, రెండోసారి 7. గండిలో పడిపోయింది. ఆ తాడు పట్టుకున్న కుర్రాడే బల్ల గుద్దింది. గుండాట టెంటులో పక్కవాడి కోసం తాడు పట్టుకునేవాడు ఎవడైనా ఉంటాడాండి?

ఇది ఎక్కడిదో వింత అనుకోనక్కర్లేదు. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ కథ చెప్తాడు, వెంట నడిచే గోపడు దారిలో చూసిన వింతల గురించి ప్రశ్నలు వేస్తాడు. మా వెనక గదిలో గోపడు అడగడంతో ఆగడు, కథలోకే దూకుతాడు, అంతే తేడా.

షాపు మా నాన్నగారిది. లాంగ్ బుక్కులు, రికార్డులు, జామెట్రీ బాక్సులు, జూన్‌లో అట్టలు వేసే గోధుమరంగు పేపరు, ఇప్పటికీ కడుపు నింపేవి అవే. ఫాంటసీ పుస్తకాలు, ఏడేసి పాచికల డబ్బాలు ఒక బీరువా మేర ఉంటాయి, డబ్బా 350 రూపాయలు. అసలు పుస్తకాలు ఇంగ్లీషువి, ఒక్కోటి మూడు వేల పైమాటే, ఆ ధర పెట్టి కొనమని నేను ఏ తల్లిదండ్రులకీ చెప్పను. కొనకపోయినా పర్లేదు, ఆడటానికి కావలసింది పెన్సిలు, రబ్బరు, గ్రాఫ్ కాగితం. ఇంకో సంగతి, ఈ వింత ఆకారాల పాచికలు గైగాక్స్‌కి దొరికింది కూడా స్కూళ్ళకి సామాన్లు అమ్మేవాళ్ళ క్యాటలాగులోనే. నాలుగు ముఖాలది, ఆరుది, ఎనిమిదిది, పన్నెండుది, ఇరవైది, ఈ ఐదూ జామెట్రీలో చెప్పే క్రమ బహుముఖులు, అంటే అన్ని ముఖాలూ ఒకేలా ఉండేవి. స్టేషనరీ షాపులో వీటికేం పని అని అడిగినవాళ్ళకి నేను ఇదే చెప్తాను.

తెలుగు సంగతికొస్తే, 2023 జనవరిలో ఈ ఆట మూల నియమాల పత్రాన్ని, మూలం పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు అని క్రియేటివ్ కామన్స్ కింద వదిలేశారు. అప్పట్నుంచి పిల్లలూ నేనూ కలిసి తెలుగులో రాసుకుంటున్నాం, నలభై పేజీలయ్యాయి, జిరాక్సు ఖర్చు మాత్రమే తీసుకుంటాను. దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే హిట్ పాయింట్లని ‘ప్రాణాలు’ అన్నాం. డంజన్‌కి నేను భూగృహం అంటే పిల్లలు నవ్వి ‘నేలమాళిగ’ పెట్టారు, వాళ్ళదే బాగుంది. ముంచుకొచ్చిన ఆపద తప్పించుకోడానికి పాచిక వేసే సేవింగ్ త్రోకి మాత్రం ఇంకా సరైన మాట దొరకలేదు, మీ పాఠకుల్లో ఎవరికైనా తడితే చెప్పండి.

నా తప్పులూ ఉన్నాయి. మొన్న వేసవిలో రాత్రి తొమ్మిదింటి దాకా ఆడనిచ్చాను, ఆ గోల పక్కింటి మామ్మగారికి నిజంగానే ఇబ్బంది, వెళ్ళి చెప్పుకున్నాను. ఇప్పుడు ఆదివారం మూడు నుంచి ఆరు దాకా మాత్రమే, పరీక్షల నెలలో గది మూసేస్తాను. ఆ ఉత్తరంలో ‘దెయ్యాల ఆట’ అని కూడా ఉంది, దానికి నేను పెద్దగా జవాబు చెప్పను. 1980ల్లో అమెరికాలో తల్లిదండ్రులు కొందరు ఇదే టెన్షన్ పడి, ఈ ఆటకి వ్యతిరేకంగా సంఘమే పెట్టారు. ఆ భయం పోయింది, ఆట మిగిలింది. మన పిల్లలు బ్రహ్మరాక్షసుల కథలు అమ్మమ్మ పక్కలోనే విన్నారు కదా, కొత్తగా భయపడేదేముంది.

నన్ను ఈ ఉత్తరం రాయించింది ఇంకొకటి. మీ పేపరు వచ్చిన మర్నాడే ఒక స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లాడి బ్యాగు వెతికి పాచికల డబ్బా తీసేసుకున్నారు, వాడిని క్లాసు ముందు నిలబెట్టి ‘జూదగాడు’ అన్నారు. వాడే తాడు పట్టుకున్న కుర్రాడు. ఆ స్కూలు పేరు నేను చెప్పను. ఆ మాస్టారు ఒక్క ఆదివారం వచ్చి మా బల్ల దగ్గర కూర్చుంటే చాలు, టీ నేనే తెప్పిస్తాను. మీరు కూడా ఆ హెడ్డింగు వేసిన చోటే ఈ ఉత్తరం వేస్తే సంతోషిస్తాను.

నిన్న ఆ కుర్రాడు డబ్బా లేకుండానే వచ్చాడు. బీరువాలోంచి కొత్తది తీసిస్తే వద్దన్నాడు, ఇంట్లో తిడతారట. పాత క్యాలెండరు అట్ట చింపి, ఒకటి నుంచి ఇరవై దాకా రాసి, చీటీలు కత్తిరించి స్టీలు గ్లాసులో వేసి కుదిపాడు. 1979లో పాచికల కరువొచ్చి ఈ ఆట తయారుచేసే కంపెనీవాళ్ళు కూడా పెట్టెల్లో ఇలాగే అంకెల చీటీలు పెట్టి అమ్మారని చెప్పాను. ‘అయితే ఇది కూడా ఒరిజినలే అన్నమాట’ అని చెయ్యి పెట్టి ఒక చీటీ తీశాడు. 19 వచ్చింది. గండిలో పడిన అక్కని ఒడ్డుకి లాగాడు.

ఇట్లు,
రేవు రోడ్డు పుస్తకాల షాపు యజమాని,
పశ్చిమ గోదావరి జిల్లా