ఆటకు ఒప్పుకుంటే అన్ని దెబ్బలకూ ఒప్పుకున్నట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

ఐస్ హాకీలో ఎవరి తలైనా పగిలినప్పుడల్లా ‘అది లీగ్ చూసుకుంటుంది, మధ్యలో పోలీసులెందుకు’ అనే మాట క్రీడా పేజీల్లో కనిపిస్తుంది. లీగ్ సస్పెండ్ చేసినంత మాత్రాన క్రిమినల్ కేసు ఆగదు. రెండింటి దారులూ వేరు.

కెనడా క్రిమినల్ కోడ్ 265వ సెక్షన్ ప్రకారం, ఎదుటివారి సమ్మతి లేకుండా కావాలని బలం ప్రయోగిస్తే అది దాడి. చిక్కంతా ఆ సమ్మతి దగ్గరే. ఆటగాడు రింక్‌లోకి (మంచు మైదానంలోకి) దిగేదే, చుట్టూ ఉన్న బోర్డు గోడలకేసి ఒంటితో నెట్టే బాడీ చెక్‌కు ఒప్పుకుని. రూలు దాటిన దెబ్బలు కొన్నింటికీ ఒప్పుకున్నట్టే లెక్క. ప్రతి ఫౌలూ నేరమైతే, తప్పు చేసిన ఆటగాళ్లు కూర్చునే పెనాల్టీ బాక్సు పక్కనే లాకప్ కట్టాల్సి వస్తుంది! గీత ఎక్కడ గీయాలో 1989లో సస్కాచెవాన్ అప్పీలు కోర్టు చెప్పింది: ఆట ఏ పరిస్థితుల్లో జరిగింది, చేసిన పని ఎలాంటిది, ఎంత బలం వాడారు, పెద్ద గాయమయ్యే ప్రమాదం ఎంత, కొట్టినవాడి ఉద్దేశమేమిటి అన్నవి చూడాలని. గ్లవ్స్ విసిరేసి ఎదురెదురుగా గుద్దుకున్న ఇద్దరూ ఐదేసి నిమిషాలు బయట కూర్చుంటారు, కేసు దాకా పోవడం అరుదు. చూడకుండా ఉన్న మనిషి తలకు తగిలే స్టిక్ సంగతి వేరు.

2000 ఫిబ్రవరి 21న వాంకూవర్‌లో జరిగింది అదే. ఆటకు మిగిలింది సుమారు మూడు సెకన్లు. బోస్టన్ ఆటగాడు మార్టీ మెక్‌సోర్లీ స్టిక్‌తో వాంకూవర్ ఆటగాడు డొనాల్డ్ బ్రషేర్ తల మీద కొట్టాడు. బ్రషేర్ వెనక్కి పడ్డాడు, తల మంచుకు కొట్టుకుంది, ఫిట్స్ వచ్చాయి. గురిపెట్టింది భుజానికేనని మెక్‌సోర్లీ వాదన. వీడియో చూసిన జడ్జి తలకే గురిపెట్టాడని తేల్చి, ఆయుధంతో దాడి చేసినట్టు నిర్ధారించారు.

అన్ని కేసులూ ఇలా తేలవు. సమ్మతి లేదని సందేహానికి తావు లేకుండా రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనే. 1969లో ఒట్టావాలో స్టిక్‌లతో కొట్టుకున్న టెడ్ గ్రీన్, వేన్ మాకి ఇద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. గ్రీన్ పుర్రె పగిలింది మాత్రం నిజం. 1975లో మిన్నెసోటాలో డేవ్ ఫోర్బ్స్ కేసులో జ్యూరీ ఒక మాట మీదికి రాలేకపోయింది. స్లో మోషన్‌లో ఏ దెబ్బైనా కావాలని కొట్టినట్టే కనిపిస్తుంది కాబట్టి మామూలు వేగంతో ఉన్న రికార్డింగూ, వేరే కోణాల నుంచి తీసినవీ ముఖ్యం. దెబ్బ పడేసరికి పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) ఎక్కడుంది, విజిల్ మోగిందా, అంతకు ముందు ఏ పగ నడిచింది అన్నవి ఇంకా ముఖ్యం.

మీ విలేకరులకు ఒక మనవి. మెక్‌సోర్లీకి దక్కింది 18 నెలల షరతులతో కూడిన విడుదల. బ్రషేర్ ఎదుటి జట్టులో ఉంటే ఆడకూడదన్నది అందులో ఒక షరతు. 2004లో స్టీవ్ మూర్‌ను వెనక నుంచి కొట్టి మెడ ఎముకలు విరగ్గొట్టిన టాడ్ బెర్టుజీ నేరం ఒప్పుకున్నాక అతనికీ ఇలాంటిదే, పైన 80 గంటల సమాజ సేవ. మూర్ మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఉత్తర అమెరికాలోని పెద్ద ఐస్ హాకీ లీగ్‌లో) ఆడలేదు. ఈ తరహా విడుదలలో షరతులు పాటిస్తే చట్టం దృష్టిలో దోషిగా లెక్కే ఉండదు. అందుకని ‘శిక్ష పడింది’ అని శీర్షిక పెట్టకండి. ఆయుధంతో దాడికి గరిష్ఠ శిక్ష పదేళ్ల జైలు అన్న సంగతి పక్కన రాయండి, తేడా పాఠకులే చూసుకుంటారు.

ఇట్లు,
ఒక న్యాయవాది