టెట్ ట్రిప్ తేదీలు ఎందుకు మార్చామంటే

మన వియత్నాం గ్రూపులో పేరు రాయించుకున్న వాళ్లందరికీ నమస్కారం.

ఫిబ్రవరి 4న బయలుదేరాల్సిన ట్రిప్‌ను జనవరి 28కి జరిపాం. 2027లో వియత్నాం వాళ్ల కొత్త సంవత్సరం, అంటే టెట్, ఫిబ్రవరి 6న వస్తోంది. పండగ రోజు హనోయిలో ఉండాలని మీలో చాలామంది అడిగారు కాబట్టే ఆ తేదీలు పెట్టాం. ఇప్పుడు అది కుదరదు. కారణం బస్సు.

హనోయిలో ఏళ్ల తరబడి మన గ్రూపులను తిప్పుతున్న బస్సు యజమాని టెట్ రోజుల్లోనూ బండి ఇస్తానని రాసిచ్చాడు, అడ్వాన్స్ తీసుకున్నాడు. మొన్న ఫోన్ చేసి, డ్రైవర్లు ఊళ్లకు వెళ్లిపోతారు, మూడు రోజులు బండి కదలదు అన్నాడు. డ్రైవర్లను నేనేమీ అనను. అక్కడ చట్టప్రకారం టెట్‌కు ఐదు రోజులు సెలవు, ఏడాదంతా ఊరికి దూరంగా ఉండేవాళ్లు ఆ రోజుల్లోనే ఇల్లు చేరతారు. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే హనోయి, సైగాన్ ఖాళీ అవుతాయి. కానీ ఈ సంగతి అడ్వాన్స్ తీసుకునే రోజున ఆయనకు తెలియదా? పండగ రోజని నేను రెండుసార్లు గుర్తుచేశాను. ఇన్నేళ్ల పరిచయంలో నాకు దక్కిన మర్యాద ఇదేనా అని బాధేసింది.

ఇంకొకరు మూడింతల కిరాయికి బండి ఇస్తామన్నారు. ఒప్పుకోవాలా వద్దా అని చాలా రాత్రులు ఆలోచించాను. ఒప్పుకుంటే మీ దగ్గర అదనంగా వసూలు చేయాలి, లేదా నేను నష్టపోవాలి. నష్టానికైనా సిద్ధపడ్డాను. కానీ బండి దొరికినా మొదటి రోజు చాలా దుకాణాలు, హోటళ్లు మూసే ఉంటాయి, తెరిచినవాటిలో కొన్ని పండగ పేరుతో బిల్లు మీద అదనంగా వేస్తాయి. ఏడాదిలో ఇంట్లోకి వచ్చే మొదటి మనిషిని బట్టే అదృష్టమని నమ్మేవాళ్లు, పిలవకుండా వెళ్తే ఇబ్బంది పడతారు. మా గ్రూపులో పెద్దవాళ్లున్నారు. వాళ్లను భోజనం కోసం వీధులు వెతికించడం నాకు ఇష్టం లేదు.

అందుకే పండగకు ముందు రోజులను పట్టుకున్నాం. నిజానికి చూడాల్సిన సందడంతా అప్పుడే. జనవరి 30న వంటింటి దేవతలను సాగనంపే రోజు, హనోయి చెరువుల్లో కార్ప్ చేపలు వదులుతారు. హాంగ్ లువోక్ వీధిలో పీచ్ పూల కొమ్మల సంత. తర్వాత హాలాంగ్ బే, హోయ్ ఆన్, చివర సైగాన్. అక్కడి న్యూయెన్ హుయే పూల వీధి టెట్‌కు కొద్ది రోజుల ముందు తెరుస్తారు. ఈ వరుస ఊరికే వేయలేదు. టెట్‌కు ముందు సైగాన్ నుంచి ఉత్తరానికి వెళ్లే విమానాలు, రైళ్లు కిటకిటలాడతాయి, దక్షిణానికి వచ్చేవాటిలో సీట్లు దొరుకుతాయి. మనం జనానికి ఎదురు దిశలో వెళ్లి, ఫిబ్రవరి 4 రాత్రి తిరుగు విమానం ఎక్కుతాం.

సీట్లు నిండక తేదీలు మార్చారని వాట్సాప్ గ్రూపులో ఒకరు రాశారు. ఆ మాట నన్ను గుచ్చింది. సీట్లు దసరాకే నిండాయి. అయినా టికెట్ తేదీ మార్పు చార్జీ మేమే కడుతున్నాం. కొత్త తేదీలకు సెలవు దొరకని వాళ్లకు అడ్వాన్స్ పైసాతో సహా వెనక్కి ఇస్తాం, కారణం అడగం.

ఈ-వీసా మామూలుగా మూడు పనిదినాల్లో వస్తుంది, కానీ పండగ దగ్గరపడే దాకా ఆగవద్దు. సంక్రాంతి లోపే పాస్‌పోర్టు కాపీలు పంపండి.

వేసవి సెలవుల ట్రిప్ అడుగుతున్నవాళ్లకు ఒక్క మాట. ఏప్రిల్ 30, మే 1 అక్కడ వరుస సెలవులు. దా నాంగ్, సాపా, ఫూ క్వాక్ స్థానికులతోనే నిండిపోతాయి. ఆ వారం మేం గ్రూపు తీసుకెళ్లం, ఎంత అడిగినా సరే. మే 5 తర్వాతే.

హనోయిలో కొత్త బస్సు వాళ్లతో మాట్లాడుకున్నాం, ఈసారి డ్రైవర్‌తో కూడా నేరుగా మాట్లాడాను. పాతాయన అడ్వాన్స్ ఇంకా వెనక్కి ఇవ్వలేదు. ఇచ్చినా ఆయన బండి మళ్లీ ఎక్కేది లేదు.