మనౌస్ అంటే ఒపేరా భవనం ఒక్కటే కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. బ్రెజిల్‌లో అమెజాన్ అడవి నడుమ ఉన్న మనౌస్ నగరం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే అది రబ్బరు షావుకార్ల వైభవంతో మొదలై అక్కడే ఆగిపోయింది. 1896 ఆఖరి రోజున ప్రారంభమైన ఒపేరా భవనం, దాని గోపురం మీది 36 వేల రంగు పెంకులు చూడదగ్గవే, కాదనను. కానీ ఆ వైభవానికి పెట్టిన సొమ్మంతా షావుకార్ల అప్పుల్లో కూరుకుపోయి, అడవిలో రబ్బరు చెట్లు గీసి పాలు పట్టిన కూలీల రెక్కల కష్టమన్న మాట వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా ఉండవలసింది. 1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషువాడు తరలించిన రబ్బరు విత్తనాల సంతతి సిలోను, మలయా తోటల్లో ఎదిగి పాలు ఇవ్వడం మొదలయ్యాక ఆ వైభవం కొన్నేళ్లకే కూలిపోయింది.

2022 జనగణన ప్రకారం 20 లక్షలు దాటిన నేటి జనాభాలో చాలామందికి బతుకుతెరువు చూపుతున్నది 1967లో సైనిక ప్రభుత్వం పన్ను రాయితీలతో ఏర్పాటు చేసిన స్వేచ్ఛా వాణిజ్య మండలం. మోటారు సైకిళ్లు, టీవీలు అక్కడ తయారై దేశమంతటికీ వెళ్తాయి. ఆ రాయితీలను 2073 దాకా పొడిగిస్తూ 2014లో రాజ్యాంగాన్నే సవరించారంటే, అవి లేకుండా ఈ నగరం నిలవదని పాలకులకే తెలుసన్నమాట.

ఇక నది సంగతి. సముద్రానికి సుమారు 1,500 కిలోమీటర్ల లోపల ఉన్నా సముద్రపు ఓడలు నేరుగా వచ్చే రేవు ఇది. దక్షిణాన పోర్టో వెల్యో నగరం వైపు వెళ్లే రహదారి నడిమి భాగంలో నేటికీ మట్టిబాటే కాబట్టి, విడిభాగాలు, సరుకులు ప్రధానంగా నీటి మీదే రావాలి. రేవు గోడ మీద ఏ సంవత్సరం రియో నెగ్రో నది ఎంతవరకు పొంగిందో గీత గీసి పక్కన అంకె వేసి ఉంటుంది. 1902 నుంచి కొలతలు ఉన్నాయి. 2021 జూన్‌లో నీరు 30 మీటర్లు దాటినప్పుడు పాత కస్టమ్స్ భవనం దగ్గరి వీధుల్లో జనం చెక్క వంతెనల మీద నడిచారు. 2023 కరువులో నీటిమట్టం 13 మీటర్లకంటే కిందికి దిగి, రాళ్ల మీద పూర్వులు చెక్కిన మనిషి ముఖాలు బయటపడ్డాయి. మరుసటి ఏడు ఇంకా తగ్గింది. పెద్ద ఓడలు మనౌస్ దాకా రాలేక, దిగువన ఇటకోఆటియారా దగ్గర తాత్కాలిక తేలియాడే రేవులు కట్టి సరుకు దించవలసి వచ్చింది. ఆరంతస్తుల మేడ ఎత్తున లేచి పడే నది పక్కన ఇన్ని లక్షల మంది ఎలా కాపురం చేస్తున్నారన్నదే నాకు ఒపేరా కంటే పెద్ద విశేషం.

వ్యాసానికి కొనసాగింపు వేసే ఉద్దేశం ఉంటే, గోపురం ఫోటో మరోసారి వద్దు. ఆ రేవు గోడ ఫోటో, అంకెలు కనబడేంత పెద్దదిగా, ప్రచురించమని మనవి.

ఇట్లు,
భూగోళశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక పాఠకుడు