జాబితాలో పేరు లేదంటే సరిపోదు

కడప

చిరంజీవి లావణ్యకు,

నాయన ఆశీస్సులు. అంతర్జాతీయ ఆంక్షల చట్టం, వాటి ఆర్థిక లెక్కల మీద మీ బ్యాంకు ఇప్పించే శిక్షణకు పోతున్నావు కదా. అక్కడ ముందుగా ఆంక్షలు పడ్డవాళ్ల జాబితాల్లో పేర్లు వెతకడం నేర్పుతారు. అది కంప్యూటర్ చేసిపెడుతుంది. పేరు దొరకలేదని అది చెప్పాక మొదలయ్యేదే నీ పని.

మన మంగంపేట ముగ్గురాయినే తీసుకో. ఇన్‌వాయిస్‌లో 4.2 సాంద్రత పొడి అని ఉంటే అది చమురు బావులు తవ్వేటప్పుడు డ్రిల్లింగ్ బురద బరువు పెంచడానికి పోయే సరుకే. కొనేది దుబాయ్ వర్తకుడు, దిగే రేవు జెబెల్ అలీ, అతని పేరు ఏ జాబితాలోనూ లేదనుకో. అతనికి సొంత రిగ్గు ఉండదు. మరి ఈ పొడి ఎవరి బావికి? ఇరాన్ బావికైతే, అమ్మినవాడు అమెరికన్ కాకపోయినా అమెరికా ద్వితీయ ఆంక్షలు తగలొచ్చు. కాబట్టి తుది వినియోగదారు ధ్రువపత్రం అడుగు. అందులో బావి నడిపే కంపెనీ పేరు, దేశం, ఎన్ని టన్నులు అన్నవి ఉండాలి. ‘గల్ఫ్ మార్కెట్ కోసం’ అని ఒక ముక్క రాసిస్తే ఒప్పుకోవద్దు.

ఓడ పేరు నమ్మొద్దు. పేరూ జెండా మార్చేస్తారు, ఓడకు గుర్తింపుగా ఇచ్చే ఏడంకెల ఐఎంఓ నంబరు మాత్రం మారదు. ఓడ ఎక్కడుందో తెలిపే ఏఐఎస్ సిగ్నల్ ఎక్కడ ఆగిందో కూడా చూడు. అయితే గల్ఫ్‌లో సిగ్నల్ చెదరడం కొత్తేమీ కాదు. అదొక్కటే పట్టుకుని నేరం అంటగట్టకుండా, సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ తేదీలతో పక్కపక్కన పెట్టి చూడు. ఎల్‌సీ (కొనేవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) కింద పత్రాలు వస్తే, వాటికి బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమావళి యూసీపీ 600 ప్రకారం పరిశీలనకు ఐదు బ్యాంకు పనిదినాలే. అనుమానం మొదటిరోజే రాతలో పెట్టి అడగాలి, ఐదోరోజు గుర్తొస్తే చేసేదేమీ ఉండదు.

అమెరికా చట్టం మనకెందుకని తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు. సరైన ప్రశ్నే. మన దేశం చట్టప్రకారం అమలు చేసేది భద్రతామండలి ఆంక్షల్ని. దానికి 1947 నాటి ఐక్యరాజ్యసమితి (భద్రతామండలి) చట్టం, ఉగ్రవాద జాబితాలకు ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టంలోని 51ఏ సెక్షన్ ఉన్నాయి. కానీ బిల్లు డాలర్లలో కడితే ఆ సొమ్ము దాదాపు ఎప్పుడూ అమెరికా బ్యాంకు మీదుగానే పోతుంది. 2017లో సింగపూర్‌కు చెందిన సీఎస్‌ఈ సంస్థ అమెరికాతో రాజీకి సుమారు 1.2 కోట్ల డాలర్లు కట్టింది ఇందుకే. ఇరాన్ కాంట్రాక్టుల చెల్లింపులు సింగపూర్ బ్యాంకు నుంచి డాలర్లలో పంపి, అమెరికా బ్యాంకుల చేత ఉల్లంఘన చేయించారన్నది అభియోగం.

డబ్బు ఆగితే తిరస్కరించారా, స్తంభింపజేశారా అని తప్పక కనుక్కో. తిరస్కరిస్తే పంపినవాడికి వెనక్కి పోతుంది. స్తంభింపజేస్తే, అమెరికాలో ఆంక్షలు అమలుచేసే కార్యాలయం ఓఫాక్ లైసెన్సు ఇచ్చేదాకా కదలదు, ఎగుమతిదారుడు రెండో సరుకుకు పెట్టుబడి లేక కూర్చుంటాడు.

అందరూ తప్పేది యాజమాన్యం లెక్కలో. ఓఫాక్ 50 శాతం నియమంలో జాబితాలోని వాళ్ల వాటాలు కలపాలి. ఒకరికి 30, ఇంకొకరికి 25 ఉంటే మొత్తం 55, ఆ కంపెనీ పేరు జాబితాలో లేకున్నా స్తంభించినట్టే. గొలుసు కంపెనీల్లో మాత్రం వాటాలు గుణించకూడదమ్మా. జాబితాలోని మనిషికి ‘అ’ కంపెనీలో 50 శాతం, ‘అ’కు ‘ఆ’లో 50 శాతం ఉంటే, సగంలో సగం 25 కదా అని ‘ఆ’ను వదిలేస్తారు. అది తప్పు. ‘అ’ పూర్తిగా స్తంభించినట్టు లెక్క, కాబట్టి ‘ఆ’ కూడా అంతే. బ్రిటన్ నియమం వేరు: వాటా 50 శాతానికి మించాలి, లేదా నియంత్రణ ఉండాలి. 50 దగ్గర ఆగిన వాటా కనిపిస్తే ఓటుహక్కు ఎవరిదో, డైరెక్టర్లను ఎవరు నియమిస్తారో చూడు.

ఆర్థికం భాగాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, నాకు అదే ముఖ్యం. 2018 ఏప్రిల్‌లో అమెరికా రష్యా వ్యాపారి డెరిపాస్కాతో పాటు ఆయన అల్యూమినియం కంపెనీ రుసాల్‌ను జాబితాలో పెట్టగానే ప్రపంచమంతా అల్యూమినియం ధర ఎగిసింది, ఆ భారం రష్యాతో సంబంధం లేని ఫ్యాక్టరీల మీదా పడింది. గడువులు పొడిగిస్తూ పోయి, ఆయన యాజమాన్యం తగ్గించుకున్నాక 2019 జనవరిలో రుసాల్‌ను తీసేశారు. సరుకుకు వేరే దారి దొరక్కపోతే దెబ్బ కొనేవాడికీ తగులుతుంది. 2022 డిసెంబరులో జీ7 దేశాలు, ఐరోపా సమాఖ్య రష్యా ముడిచమురు మిగతా దేశాలకు పోకుండా పూర్తిగా ఆపక, పీపాకు 60 డాలర్ల పరిమితి పెట్టారు: చమురు రావాలి, రష్యా ఆదాయం తగ్గాలి. ఆంక్షలు ఎంతవరకు పనిచేస్తాయన్నది తేలని వాదం. పాత ఆంక్షలన్నీ లెక్కగట్టిన ఆర్థికవేత్త హఫ్‌బాయర్ బృందం మూడింట ఒక వంతు సార్లు పనిచేశాయంది. వాళ్లు విజయాలన్న 40లో నిలిచేవి ఐదేనని అమెరికా రాజనీతి పండితుడు రాబర్ట్ పేప్ 1997లో రాశాడు. రెండు వాదాలూ చదువు.

భయంతో అన్నీ ఆపేసే అధికారి కూడా నష్టం చేస్తాడు. మందులకు, ఆహారానికి చాలా ఆంక్షల్లో మినహాయింపులు, సాధారణ లైసెన్సులు (విడిగా అడగకుండానే అందరికీ వర్తించే అనుమతులు) ఉంటాయి. ఆపే ముందు అవి వెతికి, ఏ నిబంధన కింద ఆపావో ఫైల్లో రాయి. వదిలినా అంతే: ఏమి చూశావు, ఏ తేదీ జాబితాతో పోల్చావు, ఎందుకు వదిలావు. 2025 మార్చి నుంచి ఓఫాక్ రికార్డులు పదేళ్లు ఉంచమంటోంది. అప్పటికి నువ్వు ఆ కుర్చీలో ఉండకపోవచ్చు, నీ తర్వాత వచ్చినవాళ్లకు ఆ కాగితం చదివితే అర్థం కావాలి.

ఇట్లు,
మీ నాయన